ఒకప్పటి ఉచితాలు, ఇప్పటి బిల్లులు: డిస్నీలో ఏది కొనాలి, దేనిమీద కోపం న్యాయం?

మిగతావాళ్లకూ ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. చాలా ఏళ్ల తర్వాత, అమ్మగారినీ చిన్నబాబునీ కూడా తీసుకుని మొత్తం ఐదుగురు నాలుగు రోజులకు ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి మళ్లీ వెళ్తున్నారు. క్రితంసారి క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ ఉచితం, ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి బస్సు ఉచితం, చేతికి మ్యాజిక్‌బ్యాండ్ ఉచితం. ఇప్పుడు మూడింటికీ డబ్బులే. మీవారు ఇది పచ్చి దోపిడీ అంటున్నారు. మీ చెల్లెలేమో "ఇష్టముంటే కొనుక్కుంటాం, లేకపోతే మానేస్తాం, ఎవరూ బలవంతం చేయట్లేదుగా" అంటోంది. ఎవరిది రైటు, కొనాలా వద్దా అని అడిగారు.

బస్సు విషయంలో మీ చెల్లెలిది రైటు. ఫాస్ట్‌పాస్ విషయంలో మీవారిది రైటు, కాకపోతే ఆయన చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే మీ ఇంట్లో ఈ వాదన తెగడం లేదు. నేను కొన్నేళ్లు ఒక పార్కులో రైడ్ల దగ్గర క్యూలు నడిపే పని చేశాను. అందుకని క్యూ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చూద్దాం. ఎయిర్‌పోర్ట్ బస్సు పేరు మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్. 2005లో మొదలుపెట్టి 2022 జనవరిలో ఆపేశారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్లను ఓర్లాండో ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్లేవారు. చాలాకాలం సామాను కూడా వాళ్లే తెచ్చి గదిలో పెట్టేవారు. బ్రహ్మాండమైన సౌకర్యం, కాదనను. కానీ అది ప్రేమతో ఇచ్చింది కాదు. మీరు ఎయిర్‌పోర్ట్‌లో కారు అద్దెకు తీసుకోకపోతే వారమంతా డిస్నీ ప్రాంగణంలోనే ఉంటారు. అక్కడే తింటారు, అక్కడే ఖర్చు పెడతారు, పక్కనున్న పోటీ పార్కు యూనివర్సల్‌కి ఒకరోజు వెళ్దామన్న ఆలోచనే రాదు. బస్సు ఖర్చు ఆ లెక్కలో ఎప్పుడో రాబట్టుకున్నారు. ఫోన్ తీసి క్యాబ్ పిలవడం అందరికీ అలవాటయ్యాక ఆ బస్సు పట్టు సడలింది. అందుకే తీసేశారని నా అభిప్రాయం. ఇప్పుడు అదే దారిలో డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు బస్సులున్నాయి, క్యాబ్‌లున్నాయి. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే క్యాబే తరచుగా నయం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పక్క కుటుంబం డబ్బు కట్టి బస్సెక్కితే మీ ప్రయాణం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదు. మీరు కొనకపోతే మీకు బస్సు ఉండదు, అంతే. ఇలాంటి చోట "ఇష్టముంటే కొనుక్కో" అనే మాట చెల్లుతుంది. గది అద్దె తగ్గించకుండా అందులో కలిపి ఇచ్చేదాన్ని తీసేయడం ధర పెంచడమే, ఆ చిరాకు న్యాయమైనదే. అయితే అది ధర మీద చిరాకు. అంతకు మించిన అన్యాయం అందులో లేదు.

మ్యాజిక్‌బ్యాండ్ అంతకన్నా చిన్న విషయం. హోటల్ అతిథులకు ఉచితంగా ఇవ్వడం 2021 మొదట్లో ఆగిపోయింది. అది చేసే పనులు, అంటే గది తలుపు తెరవడం, గేటు దగ్గర లోపలికి వెళ్లడం లాంటివన్నీ ఫోన్‌తో అయిపోతాయి. పిల్లలు ముచ్చటపడితే కొనండి. పాతది ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే తీసుకెళ్లి చూడండి, చాలా వాటికి అది ఇప్పటికీ పనిచేస్తుంది.

హోటల్ పార్కింగ్ కథ మాత్రం మీవారికి వినిపించాలి. డిస్నీ వరల్డ్ హోటళ్లలో రాత్రిపూట కారు పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉచితం. 2018 మార్చిలో దానికి రాత్రికింత అని ఫీజు పెట్టారు. గదికి డబ్బు కట్టినవాళ్లు కారు నిలుపుకోవడానికీ కట్టాలా అని జనం మండిపడ్డారు. 2022 నవంబరులో బాబ్ ఐగర్ మళ్లీ కంపెనీ పగ్గాలు చేపట్టారు. 2023 జనవరిలో ఆ ఫీజు ఎత్తేశారు. ఒకసారి డబ్బు రుచి మరిగాక ఏదీ వెనక్కి రాదనే మాట పూర్తిగా నిజం కాదన్నమాట. కానీ వెనక్కి వచ్చింది ఏదో చూడండి. పార్కింగ్ వచ్చింది, ఫాస్ట్‌పాస్ రాలేదు. ఎందుకు రాలేదో కింద లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. "రైడ్లకు డబ్బు కట్టడం కొత్త దురాశ" అనేవాళ్లకు చిన్న చరిత్ర. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955 జులైలో తెరిచినప్పుడు పెద్దవాళ్లకు ప్రవేశం ఒక డాలరు. రైడ్లకు మళ్లీ విడిగా కట్టాలి. అదే ఏడాది అక్టోబరులో టికెట్ పుస్తకాలు వచ్చాయి. ఏ, బీ, సీ అంటూ తరగతులు, చిన్న రైడ్‌కి ఏ, పెద్దవాటికి పై అక్షరాలు. 1959లో ఈ-టికెట్ కూడా చేరింది. ఒక్క టికెట్‌తో ఎన్నిసార్లయినా ఎక్కే పద్ధతితో 1961లో సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సాస్ అనే వేరేవాళ్ల పార్కు నడిచింది. డిస్నీ తన టికెట్ పుస్తకాలను 1982లో వదిలేసింది.

అప్పటినుంచే క్యూ పెద్ద సమస్య అయింది. కావాలని కాదు, సహజంగా. ప్రతి రైడ్‌కి విడిగా టికెట్ ఉన్నప్పుడు జనం ఆలోచించి ఎక్కేవారు, చేతిలో మిగిలిన చిన్న టికెట్లు వాడుకోవడానికి చిన్న రైడ్లకు వెళ్లేవారు. లోపలికి వచ్చాక అన్నీ ఉచితం అన్నాక అందరూ ఆ నాలుగు పెద్ద రైడ్ల మీదే పడతారు. డబ్బుతో కట్టని ధర టైముతో కట్టాలి. 1982 తర్వాత మనం కట్టింది అదే.

1999లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. రైడ్ దగ్గరున్న మిషన్లో టికెట్ పెడితే ఒక కాగితం వస్తుంది. "మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య రండి" అని అందులో ఉంటుంది. ఆ టైముకి వస్తే పక్క దారిలో దాదాపు నేరుగా లోపలికి. డిస్నీ వరల్డ్‌లో 2013, 2014 మధ్య ఇది ఫాస్ట్‌పాస్ ప్లస్‌గా మారింది. వారాల ముందే యాప్‌లో స్లాట్లు పట్టుకోవచ్చు, ఉచితంగానే. డిస్నీల్యాండ్‌లో 2017లో మ్యాక్స్‌పాస్ అని రోజుకు 10 డాలర్లకు పెట్టారు. ఫోన్లోనే స్లాట్ తీసుకోవచ్చు, ఫొటోలు కూడా ఇస్తారు. కాగితం పాస్ మాత్రం ఉచితంగా కొనసాగింది. అప్పుడు పెద్ద గొడవ జరగలేదు, ఎందుకంటే ఉన్నదేదీ పోలేదు.

2020 మార్చిలో పార్కులు మూతపడ్డాయి. తెరిచినప్పుడు ఫాస్ట్‌పాస్ లేదు, జనమూ తక్కువే, క్యూలు చకచకా కదిలేవి. 2021 అక్టోబరులో డిస్నీ వరల్డ్‌లో ఫాస్ట్‌పాస్ స్థానంలో జీనీ ప్లస్ అనే డబ్బు పాస్ వచ్చింది, మనిషికి రోజుకు 15 డాలర్లు. బాగా గిరాకీ ఉన్న రైడ్లను అందులో చేర్చకుండా విడిగా అమ్మారు. డిసెంబరులో డిస్నీల్యాండ్‌లో 20 డాలర్లతో మొదలైంది. మరుసటి ఏడాది నుంచి రోజును బట్టి ధర మారడం మొదలై, 2023 క్రిస్మస్ రద్దీలో డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో 39 డాలర్లు పలికింది. 2024 జులైలో పేరు మార్చారు. ఇప్పుడు చాలా రైడ్లకు కలిపి అమ్మేది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, ఒక్క పెద్ద రైడ్‌కి అమ్మేది సింగిల్ పాస్. అదే ఏడాది అక్టోబరులో ప్రీమియర్ పాస్ దిగింది. స్లాట్ల గొడవ లేకుండా లైట్నింగ్ లేన్ (అంటే పాస్‌వాళ్ల పక్క దారి) ఉన్న ప్రతి రైడ్‌కీ ఒక్కసారి చొప్పున నేరుగా వెళ్లవచ్చు. డిస్నీల్యాండ్‌లో మొదలుపెట్టినప్పుడు 400 డాలర్లు, డిస్నీ వరల్డ్‌లో అప్పట్లో పార్కును, రోజును బట్టి 129 నుంచి 449 డాలర్ల దాకా.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న లెక్క. అంకెలు నేను సులువు కోసం పెట్టుకున్నవి, పద్ధతి మాత్రం నిజమైనదే.

గంటకు 1,000 మందిని ఎక్కించే రైడ్ ఒకటి ఉందనుకోండి. మామూలు క్యూలో మీ ముందు 300 మంది ఉన్నారు. ఒకే క్యూ అయితే 18 నిమిషాల్లో మీ వంతు వస్తుంది. పక్కన పాస్‌వాళ్ల క్యూ పెట్టి, సీట్లలో 70 శాతం వాళ్లకు ఇచ్చారనుకుందాం. మీ క్యూకి మిగిలేది గంటకు 300 సీట్లు. ముందున్నది అదే 300 మంది, కానీ మీకు గంట పడుతుంది. క్యూ పొడవు చూస్తే చిన్నదే, కదలికే ఉండదు. పార్కుకి చాలా ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు "లైన్ ఇంతే ఉంది కదా, ఇంతసేపేంటి" అని విసుక్కునేది ఇందుకే.

రెండు క్యూలు కలిసే చోట ఒక ఉద్యోగి నిలబడి ఉంటారు, చూసే ఉంటారు. పాస్ దారి నుంచి ఒక పెద్ద గుంపును వదలడం, మామూలు దారి నుంచి నలుగురిని వదలడం, మళ్లీ అటు ఒక గుంపు. నేను చేసిన పని అదే. పాస్ దారి బయటికి పొంగకూడదు, అదే మొదటి రూల్. డబ్బు కట్టినవాళ్లు పది నిమిషాలకు మించి నిలబడితే ఫిర్యాదు వస్తుంది. మామూలు క్యూ గంట నిలబడితే రాదు, ఎందుకంటే బోర్డు మీద ముందే గంట అని రాసి ఉంది. ఇక రైడ్ పాడై ఓ గంట ఆగితే ఆ రోజు చూడాలి. ఆ గంటలో పాస్ ఉన్నవాళ్లంతా తర్వాత ఎప్పుడైనా రావచ్చు. రైడ్ మొదలవగానే అందరూ ఒక్కసారిగా వచ్చి పడతారు, మామూలు క్యూ దాదాపు నిలిచిపోతుంది. మీకు ఒక చిట్కా కూడా ఇందులోనే ఉంది: ఆగి అప్పుడే మొదలైన రైడ్ దగ్గర క్యూ చిన్నగా కనిపించినా, పాస్ దారి కిక్కిరిసి ఉంటే అక్కడ నిలబడకండి.

పాస్ వల్ల రైడ్‌లో ఒక్క సీటు కూడా పెరగలేదు. బస్సుకూ దీనికీ తేడా అదే. పాస్ కొన్నవాళ్లు ఆదా చేసుకున్న నిమిషాలు గాల్లోంచి రావు, కొననివాళ్ల దగ్గర్నుంచి వస్తాయి. పైగా పాస్ తీసుకున్నవాళ్లు తమ టైము వచ్చేదాకా ఖాళీగా కూర్చోరు, ఇంకో రైడ్ మామూలు క్యూలో నిలబడతారు. అంటే ఆ క్యూ కూడా పెరుగుతుంది. కాబట్టి "ఇష్టం లేకపోతే కొనకు" అన్న మాట ఇక్కడ పనిచేయదు. మీరు కొనకపోతే మీ పరిస్థితి మునుపటిలా ఉండదు, మునుపటికన్నా దిగజారుతుంది. ఆ దిగజారిన పరిస్థితే మీచేత కొనిపిస్తుంది. అమ్మే వస్తువు లేకపోవడం వల్ల కలిగే బాధను ఆ వస్తువే పెంచుతోంది. పార్కింగ్ ఫీజుకి ఆ గుణం లేదు, అందుకే దాన్ని వదులుకోవడం కంపెనీకి తేలికైంది.

ఈ వాదన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు విమానాన్ని తెస్తారు. "బిజినెస్ క్లాస్ ఉంది కదా, దానిమీద ఎవరూ ఏడవరే" అని. బిజినెస్ క్లాస్‌వాళ్లు ఎంత కట్టినా, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు వాళ్లతోపాటే ఊరు చేరతారు. వెనకవాళ్ల విమానం రెండు గంటలు ఆలస్యమై, ఆ రెండు గంటలు ముందువాళ్లకు అమ్మితే అప్పుడు అది లైట్నింగ్ లేన్ అవుతుంది.

అయితే మీవారు కూడా పాతరోజుల్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. పైన వేసిన లెక్కలో డబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు, గమనించారా? ఆ 70 శాతం సీట్లు ఉచిత ఫాస్ట్‌పాస్‌కి ఇచ్చినా మామూలు క్యూలో పట్టే టైము అంతే. ఉచిత ఫాస్ట్‌పాస్ కూడా క్యూలను ఇలాగే నెమ్మది చేసింది. అప్పుడు లాభపడింది ఎవరు? పద్ధతి తెలిసినవాళ్లు. పొద్దున్నే గేటు దగ్గర ఉండి, ఒకరు కుటుంబమందరి టికెట్లూ పట్టుకుని పార్కు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేవాళ్లు. తర్వాత ఫాస్ట్‌పాస్ ప్లస్ వచ్చాక హోటల్ గది తీసుకున్నవాళ్లు రెండు నెలల ముందే, మిగతావాళ్లు నెల ముందే స్లాట్లు పట్టేవారు. మొదటిసారి వచ్చినవాళ్లు, భాష రానివాళ్లు, యాప్ అంటే భయపడేవాళ్లు అప్పుడూ నష్టపోయారు. తెలివికి, ఓపికకు దక్కిన ముందు వరుస ఇప్పుడు డబ్బుకు దక్కుతోంది. రెండింట్లో ఏది న్యాయం అంటే నేను మొదటిదే అంటాను. తెలివి నేర్చుకోవచ్చు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి జేబు దానంతట అది పెరగదు. కానీ "అప్పట్లో అందరూ సమానం" అనేది మాత్రం జ్ఞాపకం చేసే మోసం.

ఇంకో మాట చాలామందికి నచ్చదు. జనం ఎక్కువగా తిట్టేది 400 డాలర్ల ప్రీమియర్ పాస్‌ని. "బలిసినవాళ్ల పాస్" అంటారు. మామూలు క్యూలో నిలబడ్డవాడి వైపు నుంచి చూస్తే దానివల్ల జరిగే నష్టం చాలా తక్కువ. మళ్లీ అదే రైడ్ తీసుకోండి. సీట్లలో 5 శాతం మాత్రమే ఖరీదైన పాస్‌కి పోతే, మీ క్యూకి గంటకు 950 సీట్లు మిగులుతాయి. ముందున్న 300 మందికి 18 నిమిషాల బదులు 19 నిమిషాలు. ఒక్క నిమిషం తేడా! అదే పాస్ 15 డాలర్లకు పెడితే "పర్లేదులే" అని అందరూ కొంటారు, మీ 18 నిమిషాలు గంట అవుతుంది. కొననివాళ్లకు చౌక పాసే ప్రమాదం. ఖరీదైనది కంటికి కనిపిస్తుంది కాబట్టి కోపం అటు పోతుంది. నన్ను అడిగితే ధర ఎంత అని గొడవపడటం దండగ. సీట్లలో ఎన్ని పాస్‌వాళ్లకు ఇస్తున్నారు, రోజుకు ఎన్ని అమ్ముతున్నారు అన్నదే అసలు ప్రశ్న. డిస్నీ ఆ సంఖ్యను బోర్డు మీద రాయదు. అయితే అక్కడ చౌకదీ ఖరీదైనదీ రెండూ ఒకే దారిలో పోతాయి కాబట్టి మీకు రెండు దెబ్బలూ కలిపే తగులుతాయి.

వేరే చోట్ల ఎలా ఉందో చూస్తే ఇది తప్పనిసరి కాదని తెలుస్తుంది. టోక్యో డిస్నీలో 2022 మేలో ప్రీమియర్ యాక్సెస్ మొదలైంది, ఒక్కో రైడ్‌కి విడిగా కొనాలి. ఆ మరుసటి ఏడాది జులైలో 40 ఏళ్ల వేడుక పేరుతో కొన్ని రైడ్లకు ఉచిత ప్రయారిటీ పాస్ కూడా తెచ్చారు. అంటే పెద్ద వాటికి డబ్బు, మిగతా కొన్నిటికి ఉచితం, రెండూ పక్కపక్కనే నడిచాయి. నాకు తెలిసినంతలో కాస్త మర్యాదగా ఉన్న ఏర్పాటు అదే. పారిస్‌లో 2021లో ఉచితం తీసేసి రైడ్‌కింత అని అమ్మడం మొదలుపెట్టారు. సిక్స్ ఫ్లాగ్స్‌లో క్యూ తప్పించే ఫ్లాష్ పాస్ మొదటినుంచీ డబ్బుకే. అక్కడ తిట్లు తక్కువ. వాళ్ల క్యూలు బాగుంటాయని కాదు, చేతిలోంచి ఎవరూ ఏదీ లాక్కోలేదు కాబట్టి. మన కోపంలో సగం ధర వల్ల వచ్చేది కాదు, పోగొట్టుకున్నామన్న బాధ వల్ల వచ్చేది.

వైకల్యం ఉన్నవాళ్ల సంగతి చెప్పకుండా పోతే తప్పవుతుంది, ఎందుకంటే మీరు అమ్మగారి ఆరోగ్యం గురించి కూడా రాశారు. క్యూలో నిలబడలేనివాళ్లకు ఉచితంగా ఇచ్చే సౌకర్యాన్ని డాస్ అంటారు. 2024లో అమెరికాలోని డిస్నీ పార్కులు దాని నియమాలు బిగించాయి. ఇప్పుడు అది ప్రధానంగా ఆటిజంలాంటి ఎదుగుదల సమస్యల వల్ల క్యూలో ఎక్కువసేపు ఉండలేనివాళ్లకు. మోకాళ్ల నొప్పికో, నడవలేకపోవడానికో అది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. వీల్‌చెయిర్ గానీ స్కూటర్ గానీ అద్దెకు తీసుకోండి, చాలా క్యూల్లో దాంతోనే వెళ్లవచ్చు. దుర్వినియోగం జరిగిందన్నది నిజం, దాన్ని కట్టడి చేయడం అవసరమే. కానీ పక్కనే అదే దారి డబ్బుకు అమ్ముతున్నప్పుడు, కాదనిపించుకున్న మనిషికి "కావాలంటే కొనుక్కో" అన్నట్టే వినిపిస్తుంది. ఉచితంగా ఉన్న రోజుల్లో ఈ అనుమానమే ఉండేది కాదు.

సరే, మీ విషయానికి వస్తాను. ముందు మొత్తం వేసుకోండి. మల్టీ పాస్ మనిషికి, రోజుకు. 30 డాలర్లు అనుకుంటే ఐదుగురికి ఒకరోజు 150, నాలుగు రోజులకు 600. యాప్‌లో ఒక్కొక్కటిగా కొంటూ పోతే ఈ అంకె కనపడదు. మూడేళ్లలోపు పిల్లలకు ప్రవేశ టికెట్టే అక్కర్లేదు, పాస్ కూడా అక్కర్లేదు.

నాలుగు రోజులకూ కొనకండి. డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లు ఎక్కువ, పాస్ ఒక్కటితో చాలా వాటికి ఉపయోగం ఉంటుంది కాబట్టి ఆ ఒక్కరోజుకి కొంటే డబ్బుకి విలువ దక్కుతుంది. హాలీవుడ్ స్టూడియోస్ రెండో స్థానం. ఆనిమల్ కింగ్‌డమ్‌లో పెద్ద క్యూలున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, పొద్దున్నే వెళ్తే పాస్ లేకుండా కానిచ్చేయవచ్చు. ఎప్‌కాట్ మీ ఇష్టం. మీవాళ్లు రైడ్లకన్నా తిరుగుతూ చూడటానికి ఇష్టపడేవాళ్లయితే అక్కడ కొనడం వృథా. డిస్నీ హోటల్లో దిగితే మల్టీ పాస్ స్లాట్లు ఏడు రోజుల ముందు నుంచి, బయట దిగితే మూడు రోజుల ముందు నుంచి తీసుకోవచ్చు. మొదట మూడు రైడ్లు ఎంచుకోనిస్తారు, ఒకటి వాడాక ఇంకొకటి. పొద్దున్నవి ఎంచుకుంటే రోజంతా ఎక్కువ వస్తాయి. రాత్రి ఏడింటికి స్లాట్ పెట్టుకుని డబ్బంతా దానికే ఖర్చు చేసేవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బు కట్టకుండా ఇప్పటికీ దొరికేవాటిని ముందు వాడుకోండి. డిస్నీ హోటల్ అతిథులను ప్రతిరోజూ ప్రతి పార్కులోకీ అరగంట ముందే వదులుతారు. ఆ అరగంటా, దాని తర్వాతి గంటా రోజంతటిలోకీ విలువైనవి. సింగిల్ పాస్ అమ్మే రైడ్‌ని ఆ సమయంలోనే కానిచ్చేస్తే అది కొనే పని తప్పుతుంది. మీ చిన్నబాబుకి ఎత్తు సరిపోని రైడ్లకు రైడర్ స్విచ్ అడగండి. ఒకరు బాబుతో బయట ఉంటారు, మిగతావాళ్లు ఎక్కి వచ్చాక వాళ్లు మళ్లీ మొదటినుంచి నిలబడకుండా లైట్నింగ్ లేన్‌లోంచి వెళ్తారు, ఉచితం. ఇది వాళ్లంతట వాళ్లు చెప్పరు, రైడ్ వాకిట్లో నిలబడ్డ ఉద్యోగిని అడగాలి. విడివిడిగా కూర్చోవడానికి అభ్యంతరం లేకపోతే కొన్ని రైడ్లకు సింగిల్ రైడర్ క్యూ ఉంది. కౌంటర్ దగ్గర అడిగితే గ్లాసుతో చల్లటి నీళ్లు డబ్బు తీసుకోకుండా ఇస్తారు, బాటిళ్లు కొనక్కర్లేదు. పార్కు మూసే టైముకి ఒక్క నిమిషం ముందు క్యూలో చేరినా ఎక్కనిస్తారు, బోర్డు మీద రాసినదానికన్నా ఆ సమయంలో తరచుగా తక్కువే పడుతుంది.

మీ ట్రిప్‌లో యూనివర్సల్ కూడా ఉంటే అక్కడి లెక్క వేరు. క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ విడిగా కొంటే రద్దీ రోజుల్లో ప్రవేశ టికెట్‌ని మించిపోతుంది. కానీ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే గదిలో ఉన్న అందరికీ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ కలిసే వస్తుంది. గదిలో దిగే రోజుకీ ఖాళీ చేసే రోజుకీ కూడా వర్తిస్తుంది. అంటే ఒక్క రాత్రి గదికి రెండు రోజుల పాస్. ఐదుగురికి విడిగా కొనడం కన్నా ఆ గదే చౌక అయ్యే రోజులు చాలా ఉంటాయి. బుక్ చేసేటప్పుడు గదిలో ఎంతమందిని అనుమతిస్తారో, పాస్ ఆ పార్కులకు వర్తిస్తోందో ఆ తేదీకి చూసుకోండి. యూనివర్సల్‌వాళ్లు 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుని ఇందులో కలిపి లెక్కేయకండి.

తిరిగొచ్చాక పార్కు నుంచి సర్వే మెయిల్ వస్తే తప్పకుండా నింపండి. "ధరలు ఎక్కువ" అని రాస్తే అది వాళ్లకు రోజూ వచ్చే మాటే. "మామూలు క్యూ బోర్డు మీద 40 నిమిషాలని ఉంటే 75 పట్టింది, పాస్ దారి నుంచి ఆగకుండా వదిలారు" అని రైడ్ పేరు, సమయంతో సహా రాయండి. అలాంటి ఫిర్యాదు నేరుగా ఆ రైడ్ నడిపేవాళ్ల దాకా వెళ్తుంది. రెండు క్యూలు కలిసే చోట ఎటు నుంచి ఎంతమందిని వదలాలో నిర్ణయించేది వాళ్లే.